దయ్యం లేని దయ్యాల సినిమా

హైమక్క మూడో వరసలో కూర్చుని ఉంది, నేను ప్రొజెక్టరు దగ్గర నిలబడి ఉన్నాను, మా ఇద్దరి మధ్యా ఉన్న బడి హాలు ఒకసారి పది అడుగులుగానూ ఒకసారి జగన్నాథపురం వంతెనంత పొడుగ్గానూ మారుతోంది, కిటికీలకి మేకులు కొట్టి బిగించిన నల్లగుడ్డల సందుల్లోంచి ఆదివారం పొద్దుటి ఎండ సన్నటి గీతలుగా పడుతోంది, ఆ గీతల్లో దుమ్ముకి బదులు పొగమంచు తిరుగుతోంది. అక్క పోయి పదకొండు నెలలైందని నాకు తెలుసు. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ పట్టినట్టు లేదు. ఆవిడ ఎప్పటిలాగే తన ఆఫీసు సంచీ పక్క కుర్చీలో పెట్టి ఆ చోటు నా కోసం ఆపి ఉంచింది.

"ఒరేయ్ పేర్రాజూ, మొదలెట్టవేంట్రా? అందరూ వచ్చేశారు" అంటుంది వెనక్కి తిరగకుండానే.

అందరూ అంటే ఎవరూ లేరు. కుర్చీల మీద గొడుగులున్నాయి, చేతిసంచులున్నాయి, మడతపెట్టిన పేపర్లున్నాయి, మనుషులు మాత్రం లేరు. అయినా ఎవరో దగ్గుతున్నారు, ఎవరో "లైట్లు, లైట్లు" అంటున్నారు. నేను స్విచ్చి నొక్కకముందే తెర మీద బొమ్మ పడుతుంది.

ఇంగ్లండులో ఎప్పుడో తీసిన సినిమా, నలుపూ తెలుపూ, అయిదు రీళ్ళు. మా కాకినాడ ఫిల్మ్ క్లబ్బు వాళ్ళు నలభై ఏళ్ళ కిందట రైల్లో తెప్పించిన దయ్యాల సినిమా. అక్క దాన్ని అసలు పేరుతో ఎప్పుడూ పిలవలేదు, పొగమంచు సినిమా అనేది. సముద్రం ఒడ్డున ఒక రాతి ఇల్లు, అందులో ఒక కొడుకూ, తల్లీ, పెళ్ళికాని కూతురూ, ఆ ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు మార్గరెట్. దయ్యాల సినిమా అని పేరేగానీ మొదటి రెండు రీళ్ళలో ఒక్క కేక ఉండదు, ఒక్క వికారపు మొహం ఉండదు. సముద్రాన్ని కూడా చూపించరు. దాని హోరు మాత్రం ప్రతి గదిలోనూ వినిపిస్తుంటుంది, మనుషులు ఆ హోరు మధ్యే తల దువ్వుకుంటారు, దీపాలు తుడుస్తారు, ఉత్తరాలు చదువుకుంటారు.

నా చేతులు ప్రొజెక్టరు మీదే ఉన్నాయి, నేనేమో అక్క పక్కన కుర్చీలో ఉన్నాను. ఆవిడ సంచీ నా ఒళ్ళోకి వచ్చింది. అందులోంచి కార్బను కాగితాల వాసన వస్తోంది. అక్క ముప్పై ఏళ్ళు పోర్టు ఆఫీసులో టైపిస్టుగా చేసింది.

"ఆ తలుపు చూడరా" అంటుంది. "దబాలున వెయ్యదు అత్తగారు. ఎంత మర్యాదగా వేస్తుందో చూడు. కోడలు నడిచి వస్తోంది, తలుపు నెమ్మదిగా మూసుకుంటోంది. గాలికి పడితే బాధ లేదు. ఇది గాలి కాదు. ఈ సినిమా తీసినవాడెవడో గానీ ఒక కోడలు చెబుతుంటే పక్కన కూర్చుని తీసినట్టున్నాడ్రా."

"నీకు భయం వెయ్యడం లేదా అక్కా?"

"నాకా? మా అత్తారింట్లో ఈ తలుపులు పదకొండున్నాయి. నేను లెక్కపెట్టుకున్నాను."

అక్క అత్తారింట్లో రెండేళ్ళే ఉంది. ఒకరోజు పొద్దున్న చిన్న పెట్టెతో బస్సు దిగి మా ఇంటికి వచ్చేసింది. కొట్టారా, తిట్టారా అని చుట్టాలందరూ గుచ్చిగుచ్చి అడిగారు. "అబ్బే, పలకరించలేదు" అంది. అదీ ఒక కారణమేనా అని మా పెద్దనాన్న చాలా రోజులు ముక్కున వేలేసుకున్నాడు. ఇప్పుడాయన కూడా ఈ హాల్లోనే ఎక్కడో దగ్గుతున్నట్టున్నాడు.

రెండో రీలు అయిపోతుంది. తెర తెల్లబడుతుంది, ఆ తెలుపులో అక్క జుట్టు ఎంత నెరిసిందో కనిపిస్తుంది, ఇందాకటి ముప్పై రెండేళ్ళ మనిషి కాస్తా డెబ్బై దాటిన మనిషిగా నావైపు తిరుగుతుంది. "వెళ్ళి రీలు మార్చరా. జనం వెళ్ళిపోతారు."

నేను లేచి వెళ్తాను, కాళ్ళ కింద నేల తడి ఇసకలా దిగబడుతోంది, బల్ల మీద మిగిలిన మూడు డబ్బాలూ నా కోసం చూస్తున్నాయి. ఆ డబ్బాల మీద నంబర్లు లేవు. అప్పుడూ లేవు. ఏ ఊరి క్లబ్బు వాళ్ళు చూసినా రీళ్ళన్నీ వెనక్కి చుట్టి, డబ్బాల మీద చీటీలు అంటించి, తర్వాతి ఊరికి రైల్లో వెయ్యాలి, అదీ పద్ధతి. మాకంటే ముందు ఊరి వాళ్ళు మైదా జిగురుతో అంటించారు. రైల్వే గోదాంలో ఉన్న రెండు రోజుల్లోనూ బొద్దింకలు ఆ మైదాతో పాటు చీటీలు కూడా తినేశాయి. అయిదోది తేలిగ్గానే తెలిసింది, చివర పేర్లున్నాయి. మొదటి రెండూ తెలిశాయి. మూడూ నాలుగూ మిగిలాయి. రెండింటినీ కిటికీ గుడ్డ కొంచెం తప్పించి, ఫిల్ము అంచుని వేళ్ళతో పట్టుకుని వెలుగులో చూశాను. రెండింట్లోనూ ఒకటే బొమ్మ, మార్గరెట్ కిటికీ దగ్గర నిలబడి ఉంది. హాల్లో జనం చెప్పులు నేలకి రాస్తున్నారు. ఏదో ఒకటి ఎక్కించేశాను.

సినిమా అయిపోయాక రీళ్ళు వెనక్కి చుడుతుంటే, నేను మూడోదనుకుని వేసినదాని మొదట్లో, గోరంత అంకె గీసి ఉంది, నాలుగు అని. అప్పటికే జనం చప్పట్లు కొట్టేసి ఇళ్ళకి వెళ్తున్నారు. అక్క మూడో వరసలో కూర్చుని ఏడుస్తోంది. నేను రీలు డబ్బాలో పెట్టి మూత బిగించాను.

ఈసారి నాకు తెలుసు ఏది ఏదో. కుడివైపుది మూడు, ఎడమవైపుది నాలుగు. కుడివైపు డబ్బా తియ్యాలనుకుంటూనే ఎడమవైపు డబ్బా తీస్తాను, నా చెయ్యి నా మాట వినదు, రీలు దానంతటదే ఎక్కి తిరగడం మొదలెడుతుంది.

తెర మీద భోజనాల బల్ల. నల్లబట్టల్లో తల్లీ, కొడుకూ, కూతురూ. నాలుగో కుర్చీలో మార్గరెట్. అందరి గిన్నెల్లోంచీ ఆవిరి లేస్తోంది. నలుపూ తెలుపులో ఆ ఆవిరి ఎంత బాగుంటుందంటే, మనకి కూడా ఆకలేస్తుంది. మార్గరెట్ గిన్నెలోంచి మాత్రం ఆవిరి లేవదు. కెమెరా దాన్ని దగ్గరికెళ్ళి చూపించదు, ఎవరూ ఆ మాట ఎత్తరు, చూసినవాళ్ళు చూస్తారు, లేనివాళ్ళు లేదు. మార్గరెట్ ఏదో అంటుంది. ఎవరూ తలెత్తరు. ఇంకోసారి అంటుంది. అత్తగారు కూతురి వైపు చూసి, "ఉప్పు ఇలా అందుకోవే" అని అచ్చం మా కాకినాడ మాటలో అంటుంది, నాకది వింతగా అనిపించదు.

"చూశావా, చల్లారిపోయింది పోశారు" అంటుంది అక్క. ఆవిడ గొంతు నా చెవి పక్కనే ఉంది. "కోడలికి ఆఖర్న చల్లారిందే మిగుల్తుంది కదరా. ఆ దేశంలోనూ అంతేనన్న మాట."

ఆ రోజు ఇంటికి వెళ్తూ దారి పొడుగునా ఈ మాటే చెప్పింది. మేం చూసిన వరసలో, మార్గరెట్ ముందు ఆ బల్ల దగ్గర కూర్చుంటుంది, తర్వాతి రీల్లో సముద్రంలోకి నడిచి వెళ్ళిపోతుంది, ఆఖరి రీల్లో అత్తగారు ఖాళీ కుర్చీ ముందు కంచం పెట్టి, "ఇంకాస్త పొయ్యనా?" అని అడుగుతుంది. కథలో దయ్యమే లేదు. మనిషి బతికుండగానే ఇంట్లోవాళ్ళు ఆవిణ్ణి దయ్యాన్ని చేశారు, పోయాక మనిషిని చేసి అన్నం పెట్టారు. అక్క ఇదే రాసింది. వారం రోజులు ఆఫీసు నుంచి రాగానే కూర్చుని, కొట్టేసి, మళ్ళీ రాసి, 'దయ్యం లేని దయ్యాల సినిమా' అని పేరు పెట్టి ఒక వారపత్రికకి పంపింది. వాళ్ళు వేశారు. మా అమ్మ ఆ పత్రికని దేవుడి గూట్లో పెట్టింది. మా ఇంట్లో అక్క గలగలా మాట్లాడటం నేను విన్నది ఆ తర్వాతి నాలుగు నెలలే.

నాకు తెలుసు. చెప్పొచ్చు. అక్కా, నేను రీళ్ళు తారుమారు చేశాను, అసలు సినిమాలో ఆవిడ ముందు పోతుంది, తర్వాత బల్ల దగ్గర కూర్చున్నది దయ్యం, అందుకే గిన్నెలో ఆవిరి లేదు, వాళ్ళు అందుకే నల్లబట్టలేసుకున్నారు అని చెప్పొచ్చు. అంత సంతోషాన్ని చేతులారా చెడగొట్టడం ఎందుకనుకున్నాను. ఇది నిజమే గానీ సగమే. కాలేజీలో ప్రొజెక్టరు ఆపరేటరుగా నా ఉద్యోగం ఖాయం కావలసింది ఆ ఏడే. ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సిన పెద్దమనిషే మా క్లబ్బు అధ్యక్షుడు.

"హైదరాబాదు వాళ్ళొచ్చార్రా" అంటుంది అక్క.

హాలు గోడలు వెనక్కి జరిగాయి, పైన పంకాలు మొలిచాయి, ఇది హైదరాబాదు. సినిమాలు ఎలా చూడాలో నేర్పే శిబిరం, అక్క చేతిలో ఆ వ్యాసం, నేను ఆఖరి వరసలో ఆవిడ సంచీ పట్టుకుని కూర్చున్నాను, నా పక్కనే మా క్లబ్బు అధ్యక్షుడు. అక్క చదువుతోంది. చల్లారిన గిన్నె దగ్గరికి రాగానే వేదిక మీద ఒక పెద్దాయన చెయ్యెత్తుతాడు. ఆయన మొహం ఉన్నచోట ప్రొజెక్టరు వెలుగు పడుతోంది, మొహం కనిపించదు.

"మీరు ఏ సినిమా చూశారమ్మా? ఆవిడ అప్పటికే చచ్చిపోయింది కదా!"

హాలంతా నవ్వుతుంది. చెడ్డ నవ్వు కాదు, సరదా నవ్వే. దానికే అక్క చేతిలో కాగితం వెనక్కి తిప్పి మళ్ళీ చూసుకుంటుంది. "లేదండీ, నేను చూశాను, ముందు భోజనాల దగ్గర" అని ఆగి, ఇన్ని కుర్చీలు దాటి నన్ను వెతుక్కుంటుంది. ఆవిడ మొహంలో భయం లేదు. నా మీద అంత నమ్మకం.

"మా తమ్ముడే ఆపరేటరండి. వాణ్ణి అడగండి. చెప్పరా పేర్రాజూ, ముందు భోజనాల సీనే కదూ?"

ఈసారి చెబుతాను. ఇందుకే వచ్చాను, ఈ కుర్చీలో మళ్ళీ ఇందుకే కూర్చున్నాను, లేచి నిలబడి నోరు తెరుస్తాను, తప్పు నాదండీ, ఆవిడది కాదు అనబోతాను, నా నోట్లోంచి అదే గొంతు, అదే నంగి గొంతు వస్తుంది.

"నాకు సరిగ్గా గుర్తు లేదండి."

అక్క నన్ను చూస్తూనే ఉంటుంది. తర్వాత కాగితాలు నాలుగు మడతలు పెట్టుకుని, "నేనే పొరబడి ఉంటానండి" అంటుంది, వేదిక మెట్లు దిగుతుంది. ఆ మెట్లు ఎంత దిగినా అవి అయిపోవడం లేదు, నేను వెనకాల పరిగెడుతున్నాను, మెట్ల మీద ఫిల్ము చుట్టలు చుట్టలుగా ఊడిపడి ఉంది, కాళ్ళకి చుట్టుకుంటోంది, మెట్ల చివర ఉప్పాడ సముద్రం.

ఆ తర్వాత అక్క ఒక్క ముక్క రాయలేదు. అదొక్కటే అయితే నేనూ సర్దిచెప్పుకునేవాణ్ణి. తాళం వేశాక వెనక్కి వెళ్ళి, "వేశానా? నువ్వు చూశావు కదూ?" అనడం మొదలెట్టింది. గ్యాసు కట్టేసి, "కట్టాను కదూ?" అనేది. పెళ్ళిలో ఎవరు ఏ చీర కట్టుకున్నారో చెప్పాల్సి వచ్చినా, "నా చూపు మీద ఆధారపడకండి" అని నవ్వేది. ఇంట్లో అదొక వేళాకోళమైపోయింది, నేనూ వేళాకోళమాడాను. మూడేళ్ళ కిందట డాక్టరు మతిమరుపు జబ్బు మొదలైందని చెబితే, "ఇది నాకు హైదరాబాదులో పట్టుకుందండి, పాత జబ్బే" అంది. పాపం ఆయన ఆ మాట నిజమనుకుని కాగితం మీద రాసుకున్నాడు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను.

ఇసకలో భోజనాల బల్ల వేసి ఉంది. నాలుగు కుర్చీలు. అక్క ఒకదాంట్లో కూర్చుని నీళ్ళ వైపు చూస్తోంది, పొగమంచు ఆవిడ భుజాల దాకా వచ్చి ఆగింది, ఎక్కడో ప్రొజెక్టరు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. నేను ఎదురుగా కూర్చుంటాను. ఇప్పుడు కాకపోతే ఇక లేదని తెలుస్తోంది, ఆ చప్పుడు ఆగితే అక్క ఉండదు.

"అక్కా, నేనే మార్చేశాను."

"ఏం మార్చావురా?"

"రీళ్ళు. మూడోదానికి ముందు నాలుగోది వేశాను. చీటీలు లేవు, పోల్చుకోలేకపోయాను. ఆ రోజు మన హాల్లో నువ్వు చూసింది అలాగే ఉంది. ముందు భోజనాల సీనే. నువ్వు పొరబడలేదు. నేను ఆ రోజే, సినిమా అయిన పావుగంటకే తెలుసుకున్నాను."

అక్క తిడుతుందని చూస్తాను, చెయ్యెత్తి ఒకటి కొడితే బాగుండునని చూస్తాను. ఆవిడ మొహంలోకి నెమ్మదిగా వస్తున్నది కోపం కాదు. చిన్నప్పుడు లెక్క సరిగ్గా వస్తే పలక పట్టుకుని అమ్మ దగ్గరికి పరిగెత్తేదే, ఆ మొహం.

"అయితే నేను చూసింది నిజమేనన్న మాట" అంటుంది.

"నిజమే."

"ఆవిడ బతికే ఉంది, ఆ బల్ల దగ్గర."

"మన హాల్లో బతికే ఉంది."

"మన హాల్లో చాల్లే" అని కళ్ళు తుడుచుకుంటుంది. తర్వాత నా వైపు వంగి, నిజంగా తెలుసుకోవాలని ఉన్న మనిషిలా అడుగుతుంది. "హైదరాబాదులో సరేరా, నీ ఉద్యోగం. రైల్లో వస్తూ ఎందుకు చెప్పలేదు? ఇంటికొచ్చాక వంటింట్లో ఇద్దరమే ఉన్నప్పుడు? నేను వాళ్ళకేం చెప్పేదాన్ని కాదు కదరా. నాకొక్కదానికి తెలిస్తే చాలేది కదరా."

మొదట భయపడ్డాను, తర్వాత సిగ్గుపడ్డాను, పదేళ్ళయ్యాక ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఏం చేశావంటుందని ఊరుకున్నాను, ఇరవై ఏళ్ళయ్యాక అది నాకు అలవాటైపోయింది. ఇదంతా చెప్పడానికి నోరు రాక, నేను లేచి బల్ల కింద ఉన్న డబ్బాలు బయటికి లాగుతాను. చెబుతున్నాను కదా, ఇక్కడ అన్నీ వీలవుతాయి. ఆ రోజు వరస మారిస్తే చచ్చిపోయినావిడ బతికొచ్చి భోజనానికి కూర్చుంది. ఇప్పుడు కూడా ఎక్కించడానికి రీలు ఉండే ఉంటుంది, అక్క ఆ నాలుగు నెలలూ గలగలా మాట్లాడిన రీలు, ఏదో ఒకటి పట్టుకుని ముందు వేసేస్తే చాలు. ఫిల్ము అంచు వేళ్ళతో గట్టిగా పట్టుకుని వెలుగుకి ఎత్తి చూస్తాను. అక్క కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఇంకో రీలు తీస్తాను. అక్క కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"వద్దురా" అంటుంది అక్క. నా చేతి మీద తన చెయ్యి వేస్తుంది, ఆ చెయ్యి చల్లగా లేదు, మామూలుగా ఉంది, అందుకే నాకు ఏడుపు ఆగడం లేదు. "ఈసారి సరైన వరసలోనే ఉండనీ. నేను పోయాను. తర్వాత నువ్వు పలకరించావు."

"అక్కా, అలా అనకే."

"తిట్టడం లేదురా. వరస చెబుతున్నాను."

చప్పుడు ఆగిపోయింది.

కళ్ళు తెరిచేసరికి మధ్యాహ్నం మూడున్నరైంది, మా ఇంటి హాల్లో మడతమంచం మీద ఉన్నాను, దిండు తడిసి ఉంది. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదానికొకటి బిగుసుకుపోయి ఉన్నాయి, ఎంత గట్టిగా అంటే విడదీసి చూసుకుంటే చూపుడువేలి మీద గోరు దిగిన గుర్తు ఎర్రగా పడి ఉంది. గుమ్మం దగ్గర నా భార్య సీతారత్నం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, చేతిలో కాయ చేతిలోనే ఉంచుకుని నన్ను చూస్తోంది.

"ఏం మార్చేశారండీ? నేనే మార్చేశాను, నేనే మార్చేశాను అని ఒకటే గోల. హడలి చచ్చాను."

చెప్పాను. బొద్దింకలు తిన్న చీటీల దగ్గర్నుంచి, హైదరాబాదులో నేనన్న మాట దాకా అంతా చెప్పాను. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. సీతారత్నం ఆ సినిమా చూడలేదు, కానీ ఆవిడకి కథ తెలుసు.

"వదినగారు నాకు ఎన్నిసార్లు చెప్పారో ఆ కథ" అంది. "భోజనాల దగ్గర కూర్చుంటుంది, చల్లారిన చారు పోస్తారు, తర్వాత సముద్రంలోకి వెళ్ళిపోతుంది. ఇంత చక్కగా చెప్పి, ఆఖర్న, నా మాట నమ్మకులే రత్నం, నాకన్నీ తప్పు గుర్తులే అనేవారు. పాపం." చిక్కుడుకాయ పళ్ళెంలో పెట్టింది. "అయితే ఆవిడ చూసింది నిజమేనన్న మాట."

"నిజమే" అన్నాను.

"మరి ఆ సంగతి ఆవిడకి చెప్పారా?"

"ఇందాకే చెప్పాను" అన్నాను.